తడిపిన బండ, ఆరిన బండ: ఎర్రగుంట్ల పాలిష్ ఫ్యాక్టరీలో రెండేళ్ల వీడియో పని

కడపలో ఏడురోడ్ల కూడలికి నడిచే దూరంలో మా స్టూడియో ఉంది. పెళ్ళిళ్లు, గృహప్రవేశాలు తీసి నిలబెట్టుకున్నది. ఆషాఢంలోనూ మూఢాల్లోనూ కెమెరాల దుమ్ము దులుపుతూ కూర్చోవడం ఇష్టం లేక వ్యాపారులకు వీడియోలు చేయడం మొదలుపెట్టాను. ముందు బట్టల కొట్లు, తర్వాత ప్రొద్దుటూరులో ఒక నగల దుకాణం, ఆ తర్వాత ఈ బండల ఫ్యాక్టరీ. వ్యాపార ప్రచారంలో వీడియో ఇక ముందు ఎటు పోతుందని అడిగేవాళ్లకు ఈ మధ్య ఈ ఫ్యాక్టరీ సంగతే చెబుతున్నాను. యజమాని ఒప్పుకున్నారు కాబట్టి రాస్తున్నాను. పేరు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందు సరుకు గురించి. ఈ ఫ్యాక్టరీ బండలు నాపరాయివి. నాపరాయి సున్నపురాయి జాతి. పొర మీద పొరగా పేరుకున్న రాయి కాబట్టి గనిలో గునపం పెట్టి లేపితే పలకలుగా వస్తుంది. ఫ్యాక్టరీలో అంచులు కోసి, పైముఖం పాలిష్ పట్టి, చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. ఒకప్పుడు మా వైపు ఇళ్లలో వసారా నుంచి వంటగట్టు దాకా ఇదే. నల్లటి రకమైతే మన జిల్లా పేరుతోనే, కడప రాయిగా, ఇతర రాష్ట్రాల వంటగదుల్లోకి కూడా వెళ్లింది. తర్వాత గుజరాత్‌లోని మోర్బీ నుంచి టైల్స్ వచ్చిపడ్డాయి.

టైల్ వ్యాపారి చేతిలో కేటలాగ్ ఉంటుంది. పద్నాలుగో పేజీలో ఉన్నది కావాలంటే వెయ్యి పెట్టెలైనా అదే రంగులో దిగుతాయి. బండకు ఆ భాగ్యం లేదు. పై పొర ఒక రంగు, కింది పొర ఇంకొక రంగు. ఈ వారం గనిలో తేలిన నలుపు వచ్చే నెల తేలుతుందన్న నమ్మకం లేదు. పూర్వం కొనేవాడు స్వయంగా వచ్చేవాడు. ఎర్రగుంట్లలో రైలు దిగి, నాలుగు ఫ్యాక్టరీలు తిరిగి, బండను గోటితో గీకి, రూపాయి బిళ్లతో కొట్టి చూసి, బయానా ఇచ్చి వెళ్లేవాడు. ఇప్పుడు చెన్నైలో కూర్చుని ఫోన్ చేసి "ఫోటో పెట్టండి" అంటాడు. టైల్ కంపెనీ ఒక్కసారి తీసిన ఫోటోతో ఏళ్ల తరబడి అమ్ముకుంటుంది. బండల వ్యాపారి మాత్రం ప్రతి లాటుకూ కొత్తగా చూపించాలి. ఇది నాకు మొదటిరోజే అర్థం కావలసింది. అర్థం కావడానికి ఏడాది పట్టింది.

డ్రోన్‌తో మొదలు

యజమాని వయసు యాభై దాటింది. నేను అన్నా అంటాను, ఆయన తమ్ముడూ అంటారు. 2023 చివర్లో ఫ్యాక్టరీకి పిలిపించి, "టైల్స్ వాళ్ల ప్రకటనలాగా ఉండాలి" అన్నారు. నాకు కావలసిందీ అదే. డ్రోన్ ఎగరేశాను. కోత మిషను దగ్గర నీళ్లు చిమ్ముతుంటే నెమ్మది కదలికలో తీశాను. పాలిష్ పట్టిన నల్ల బండల మీద బకెట్ల కొద్దీ నీళ్లు కొట్టించి, సాయంత్రపు ఎండ వాటి మీద పడేలా పెట్టాను. వెనుక గంభీరమైన గొంతు: "కోట్ల ఏళ్లు భూమాత ఒడిలో నిద్రించిన శిల..." ఇప్పుడు వింటే నాకే సిగ్గేస్తుంది.

మూడు నిమిషాల వీడియో ఒకటి, దానిలోంచి కత్తిరించిన చిన్న వీడియోలు ఆరు. అప్పటికి అందరిదీ అదే దారి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పల్లెల్లో కూడా వీడియో చూడటానికి డేటా లెక్కపెట్టుకోవడం పోయింది. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధించగానే జూలైలో రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలోకి దిగాయి. నిలువు వీడియో లేని వ్యాపారం వ్యాపారమే కాదన్నట్టు మాట్లాడేవాళ్లం. నేనూ మాట్లాడాను, డబ్బూ తీసుకున్నాను.

చూసినవాళ్ల లెక్క బ్రహ్మాండంగా పెరిగింది. పులివెందుల నుంచి కువైట్ దాకా మన జిల్లా వాళ్లంతా చూసి "మా ఊరి రాయి" అని రాశారు. ఫోన్లు కూడా వచ్చాయి, అయితే నాకు: పెళ్లికి డ్రోన్ ఎంత తీసుకుంటారని. ఫ్యాక్టరీకి వచ్చిన ఫోన్లు మూడు. అందులో ఒకటి ఉద్యోగం కోసం.

"తమ్ముడూ, నా డబ్బుతో నీ డ్రోన్‌కు ప్రచారం చేసుకున్నావు" అన్నారు యజమాని. నవ్వుతూనే అన్నారు, కానీ తర్వాతి నెల బిల్లు ఆలస్యంగా ఇచ్చారు.

అసలు దెబ్బ ఆ మూడు ఫోన్లలో ఇంకొకదానితో తగిలింది. చెన్నైలో ఇళ్లు కట్టే ఒక కాంట్రాక్టరు వీడియో చూసి, నల్ల బండలకు ఒక లారీ ఆర్డరు ఇచ్చాడు. లోడు వెళ్లింది. మూడోరోజు ఫోన్: "మీరు చూపించింది నలుపు, పంపింది బూడిద." సరుకు మార్చలేదు. నేను నీళ్లు కొట్టించి తీసిన లాటే అది. తడి బండ కాటుకలా ఉంటుంది, ఆరితే ఒక మెట్టు తేలిపోతుంది. బండల పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన విషయం. కాంట్రాక్టరుకు తెలియదు, నాకూ తెలియదు. తెలిసిన యజమాని వీడియో బాగుందని ఊరుకున్నారు. కొంత ధర తగ్గించుకుని బేరం తెగ్గొట్టారు. ఆ తగ్గింపులో సగం నేను భరిస్తానన్నాను. ఆయన వద్దనలేదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఆ రోజు నాకు చట్టం గుర్తుకు రాలేదు. పెళ్లికూతురి ముఖానికి మెరుపు పెంచినట్టే బండకూ పెంచాను కదా, తేడా ఏమిటి అని రాత్రంతా ఆలోచించాను. పెళ్లికూతురిని ఎవరూ ఆ వీడియో చూసి లారీలో తెప్పించుకోరు. అదే తేడా.

తెల్ల కాగితం, టేపు, మధ్యాహ్నం ఒంటిగంట

వారం తర్వాత డ్రోన్ లేకుండా, కెమెరా కూడా లేకుండా, చేతిలో ఫోన్ ఒక్కటే పెట్టుకుని వెళ్లాను. కొనేవాడు స్వయంగా వస్తే ఏమేమి చేస్తాడో చూపించమని ఫ్యాక్టరీలో అందరికంటే పాతవాడైన పాలిష్ మేస్త్రీని అడిగాను. ఆయన నా వైపు అనుమానంగా చూసి, పని మొదలుపెట్టాడు.

ముందు బండను గోడకు ఆనించి, పక్క నుంచి ఒంటికన్నుతో చూశాడు. వంపు ఉంటే అక్కడే తెలుస్తుందట. తర్వాత అంచు. నాలుగు మూలలా మందం సమానంగా ఉందా అని బొటనవేలు, చూపుడువేలు పెట్టి తడిమాడు. తర్వాత చిన్న సుత్తి తీసుకుని బండ మధ్యలో ఒక దెబ్బ, మూలల్లో ఒక్కొక్క దెబ్బ. మంచి బండ ఖంగుమంటుంది, లోపల పగులు ఉన్నది డబ్బుమంటుంది. పైకి గీత కూడా కనిపించని ఒక బండను తీసి కొట్టి వినిపించాడు. పది అడుగుల దూరంలో ఉన్న నాకు తేడా తెలిసింది. చివరగా అరచేతిని నీళ్లలో ముంచి బండ మీద ఒక పక్కన మాత్రమే రాశాడు. సగం నలుపు, సగం బూడిద. "ఇదీ దీని అసలు రంగు, అదీ దీని పండగ రంగు" అన్నాడు.

నేను రెండు రోజులు పడి తీసిన ప్రకటన కంటే ఆ మూడు నిమిషాల్లో సరుకు గురించి ఎక్కువ ఉంది. మొత్తం ఫోన్‌లో తీసి చూసుకుంటే మాత్రం రెండు తప్పులు బయటపడ్డాయి.

మొదటిది రంగు. ఫోన్ కెమెరా తెలివైనది, అదే చిక్కు. తెర నిండా నల్లటిది కనిపిస్తే చీకటి అనుకుని వెలుగు తనంతట తానే పెంచేస్తుంది. తడిపి నేను నలుపు ఎక్కువ చేశాను, ఫోన్ ఆ నలుపును తగ్గించేస్తోంది. అందుకని బండ మీద ఒక మూల తెల్ల ఏ4 కాగితం పెట్టాము. ఆ కాగితం మీద వేలు నొక్కి పట్టుకుంటే వెలుగు, ఫోకస్ అక్కడ బిగుసుకుంటాయి, బండ మీదికి జరిగినా మారవు. కాగితం అవతలివాడి తెరలో తెల్లగా కనిపిస్తే రాయి రంగు కూడా దాదాపు సరిగ్గానే ఉన్నట్టు. పక్కనే ఇనుప టేపు పరిస్తే కొలత కూడా అందులోనే వస్తుంది. తీయడం నీడలోనే, ఎండలో వద్దు.

రెండోది శబ్దం. కోత మిషన్ల హోరులో సుత్తి దెబ్బ వినపడి చావదు. మైకులు మార్చి చూశాను, లాభం లేదు. చివరికి దొరికిన ఉపాయానికి పైసా ఖర్చు లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నాలకని మిషన్లు ఆపుతారు. ఆ అరగంటలో తీస్తే సుత్తి దెబ్బ గుడి గంటలా వినిపిస్తుంది. అప్పటి నుంచి ఆ ఫ్యాక్టరీలో వీడియో ముహూర్తం ఒంటిగంట.

కోడలి ఫోన్

ప్రతి లాటుకూ నేను ఎర్రగుంట్ల వెళ్లలేను. వెళ్లినా నాకు ఇచ్చేంత లాభం బండలో లేదు. ఫ్యాక్టరీలో ఎవరో ఒకరు నేర్చుకోవాలి. యజమాని కొడుకు మొదటి వారం ఉత్సాహపడి, రెండో వారం మరిచిపోయాడు. పని పట్టుకున్నది కోడలు. లెక్కలు చూడటానికి ఆఫీసు గదిలో కూర్చునే అమ్మాయి. పుట్టిల్లు తిరుత్తణి వైపు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. చెన్నై బేరాలకు అంతకంటే ఏమి కావాలి?

మొదట కెమెరా ముందు మాట్లాడటానికి మామగారు ఏమంటారో అని జంకింది. "ముఖం అక్కర్లేదమ్మా, చేయి, గొంతు చాలు" అన్నాను. ఆ తర్వాత ఆమే నాకు పాఠాలు చెప్పింది. "అన్నా, మీరు చెప్పినట్టు నిమిషం తీస్తే వాళ్లు చూడటం లేదు. ముందు కొలత, ధర అడుగుతున్నారు. అవి మొదటి పది సెకన్లలో చెప్పేస్తున్నాను" అంది. నా లెక్కలో అది ప్రకటన సూత్రాలకు విరుద్ధం. ధర చివర్లో చెప్పాలని మేము నేర్చుకున్నాము. కానీ ఆమె ఎదురుగా ఉన్నది ప్రేక్షకుడు కాదు, పని మధ్యలో బండలు కొనే మేస్త్రీ.

ఇప్పుడు ఒక లాటు వీడియో ఇలా ఉంటుంది. నిలువుగా, నలభై యాభై సెకన్లు, మధ్యలో కత్తిరింపు లేకుండా ఒకే షాట్. కొలత, మందం, ఎన్ని చదరపు అడుగులు సిద్ధంగా ఉన్నాయో చెబుతుంది. కాగితం, టేపు కనిపిస్తాయి. ఆరిన రంగు, తడిగుడ్డతో ఒక్క రుద్దుతో తడి రంగు. సుత్తి దెబ్బలు. ఆఖరున ఆ లాటులో అన్నిటికంటే వికారమైన బండ: గీత ఉన్నదో, మచ్చ ఉన్నదో. "ఇలాంటివి వందకు ఇన్ని వస్తాయి" అని తానే చెబుతుంది. ఈ చివరి ముక్క పెట్టినందుకు యజమాని వారం రోజులు నాతో మాట్లాడలేదు.

వాట్సాప్‌లో పంపితే వీడియో నలిగిపోయేది. 2023 ఆగస్టులో హెచ్‌డీగా పంపే వీలు వచ్చాక కొంత మేలు. రంగు మీద పేచీ వచ్చేలా ఉంటే డాక్యుమెంటుగా పంపమన్నాను, తీసింది తీసినట్టు వెళుతుంది.

రెండో రకం వీడియో నేను చెప్పింది కాదు, లారీ దగ్గర పుట్టింది. బండలు పడుకోబెట్టి వేయరు, నిలబెట్టి, మధ్య మధ్య వరిగడ్డి కూరి కడతారు. దించేటప్పుడు పగిలినవి కనిపిస్తే తప్పు ఎవరిదని ప్రతిసారీ గొడవే: హమాలీలు సరిగా కట్టలేదని కొనేవాడు, డ్రైవరు గుంతల్లో తోలాడని ఫ్యాక్టరీ. ఇప్పుడు లోడు చేస్తున్నంతసేపూ ముక్కలు ముక్కలుగా తీసి, లారీ నంబరుతో ముగించి పంపుతున్నారు. ఈ వీడియోను ప్రపంచంలో చూసేది ఒక్కడే. ఆ ఒక్కడు మళ్లీ ఆర్డరు ఇస్తున్నాడు. యూట్యూబ్‌లో నా డ్రోన్ వీడియో ఇంకా ఉంది. వేలమంది చూస్తూనే ఉన్నారు, పాపం.

యంత్రం చేసిన హాలు

కర్ణాటక, మహారాష్ట్ర బేరాలకు భాష అడ్డం వచ్చింది. ఏఐ డబ్బింగ్ ఉండగా చింత ఏమిటని కోడలి తెలుగు వీడియోను ఒక సాధనంలో వేసి హిందీ చేయించాను. గొంతు అచ్చం ఆమెదే. పుణే నుంచి ఫోన్ వచ్చింది: "మీరు బళ్లు కూడా అమ్ముతారా?" యంత్రం బండలను బండ్లు అనుకుని, రెండు వేల అడుగుల గాడీలు సిద్ధమని చెప్పింది. అప్పటి నుంచి డబ్బింగ్ చేయించినా పంపే ముందు ఆ భాష వచ్చిన ఎవరికైనా వినిపిస్తున్నాము. కన్నడానికి బళ్లారి వైపు తిరిగే మా లారీ డ్రైవరే పరీక్షాధికారి. డబ్బింగ్ రోజురోజుకూ బాగుపడుతోంది, ఇంకొన్నాళ్లకు డ్రైవరుతో పని ఉండకపోవచ్చు. కొలత, ధర మాత్రం అంకెల్లో తెర మీదే వేస్తున్నాము, ఏ భాషవాడైనా చదువుకుంటాడు.

ఈలోగా యజమాని మేనల్లుడు ఒకడు సెలవులకు వచ్చి, నాలుగు మాటలు టైపు చేసి ఒక వీడియో పుట్టించాడు. పెద్ద హాలు, ఎత్తైన స్తంభాలు, నేలంతా నల్లగా అద్దంలా మెరిసే మన బండ, దాని మీద పట్టుచీరలో నడిచి వెళ్లే ఇల్లాలు. 2025 మేలో గూగుల్ వియో 3 అనే ఏఐ సాధనం వచ్చాక శబ్దంతో సహా ఇలాంటివి తయారవుతున్నాయి. చూడటానికి నా రెండు రోజుల డ్రోన్ పనికంటే బాగుంది. ఒప్పుకోవడానికి కష్టంగా ఉన్నా నిజం. యజమాని ముచ్చటపడి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. గంటలో హైదరాబాద్ ఆర్కిటెక్టు ఒకాయన అడిగారు: "ఈ ఇల్లు ఎక్కడ? వెళ్లి చూస్తాను."

ఇల్లు లేదు. స్టేటస్ తీసేశారు.

నిజంలా కనిపించే ఏఐ వీడియో పెడితే ఆ విషయం చెప్పాలని యూట్యూబ్ 2024 మార్చి నుంచే అడుగుతోంది. అలాంటి వీడియోలకు ఏఐ అని గుర్తు వేయడం తప్పనిసరి చేసే ముసాయిదా నిబంధనలను కేంద్రం 2025 అక్టోబరులో విడుదల చేసింది. కొనేవాళ్లు నిబంధనల కోసం ఆగలేదు. ఒక బెంగళూరు కొనుగోలుదారు కోడలికి సూటిగా చెప్పాడు: "మీ వీడియో నిన్నటిదో పోయిన ఏడాదిదో, అసలు మీదో కాదో నాకు ఎలా తెలుస్తుంది? బండ మీద నా పేరు రాసి చూపించండి."

ఫ్యాక్టరీలో సుద్దముక్కలకు కొదవ లేదు, కొలతలు రాసేది వాటితోనే. ఆ రోజు నుంచి ప్రతి వీడియోలో మొదటి బండ మీద కొనేవాడి పేరులో మొదటి అక్షరం, ఆ రోజు తేదీ సుద్దతో రాస్తున్నారు. రాస్తున్న చేయి కనిపించాలి, రాసిన చోటి నుంచి కెమెరా కదిలి లాటంతా చూపాలి, మధ్యలో కత్తిరింపు ఉండకూడదు. సుద్ద రాతను కూడా యంత్రం రేపు పుట్టించగలదు. అందుకే పెద్ద ఆర్డర్లకు వీడియో కాల్‌లోనే రాస్తున్నారు. కొనేవాడు "ఆ మూడో వరుసలో నాలుగోది తీయండి" అంటాడు, తీసి కొడతారు. పూర్వం రైలు దిగి వచ్చినవాడు చేసిన పనే.

నా సంపాదన మాటకొస్తే, ఈ ఫ్యాక్టరీలో నేను తీసే వీడియోలు ఇప్పుడు ఏడాదికి రెండో మూడో. నాకు వచ్చేది నేర్పినందుకు, మూడు నెలలకొకసారి వెళ్లి వాళ్లు తీసినవి చూసి సరిచేసినందుకు. డ్రోన్ రోజుల బిల్లులో ఇది మూడోవంతు. అయితే ఇలాంటివి ఇంకో నాలుగు చోట్ల కుదిరాయి, వాటిలో రెండు యజమాని చెప్పి పంపినవే. అందమైన దృశ్యం అమ్ముకునే పని ఏఐ ముందు నిలవదని నా అంచనా. పెళ్ళిళ్ల సంగతి వేరు, అక్కడ మేనమామ ఏడుపు నిజంగానే కావాలి.

కుదరనివీ చెప్పాలి. నున్నదనం వీడియోలో రాదు. ఎన్ని కోణాల్లో తీసినా ఆర్కిటెక్టులు అరచేతంత నమూనా ముక్కను పార్శిల్‌లో తెప్పించుకుంటూనే ఉన్నారు. ఇక ఈ రాయి పులుపుకు ఓర్వదు. వంటగట్టు మీద చింతపండు రసమో నిమ్మరసమో పడి నిలిస్తే పాలిష్ పోయి తెల్ల మచ్చ దిగుతుంది. రెండేళ్లు వాడిన వంటగట్టును ఉన్నది ఉన్నట్టు చూపి, మచ్చ ఎలా పడుతుందో, నూనె రాస్తే ఎంతవరకు కనపడకుండా పోతుందో ఒక వీడియో చేద్దామన్నాను. "మన బండను మనమే తిట్టుకోవాలా తమ్ముడూ?" అన్నారు యజమాని. ఇంకా అడుగుతూనే ఉన్నాను.

మొన్న సంక్రాంతికి ముందు కోడలు నాకొక వీడియో పంపింది. ఆమె తీసింది కాదు. మొదట్లో బూడిద రంగని ధర తగ్గించిన చెన్నై కాంట్రాక్టరు ఇప్పుడు ఏటా మూడు నాలుగు లారీలు తెప్పిస్తున్నాడు. ఆ లారీల్లో చివరిదానిలో ఒక బండ మూల విరిగింది. ఫోన్ చేసి అరవలేదు. విరిగిన బండను నీడలో పెట్టి, పక్కన తెల్ల కాగితం, టేపు పరిచి, సుద్దతో తేదీ వేసి, ఒకే షాట్‌లో తీసి పంపాడు. చివర్లో సుత్తితో కొట్టి డబ్బుమనే శబ్దం కూడా వినిపించాడు. యజమాని రెండుసార్లు చూసి, ఆ ఒక్క బండ డబ్బు బిల్లులో కొట్టేయమన్నారు.